తోడు తెస్తే చెవి కొరికింది: ఆడకుందేలుకు ముందు ఆపరేషన్, ఆ తర్వాతే జత

ప్రశ్న: మా ఇంట్లో పది నెలల తెల్ల ఆడకుందేలు ఉంది. పేరు మల్లి, బరువు దాదాపు రెండు కిలోలు. నాలుగైదు నెలల నుంచి పంజరంలో చెయ్యి పెడితే గుర్రుమంటూ మీదికొస్తోంది, పరుపు మీద మూత్రం పోస్తోంది. ఒంటరిగా ఉండబట్టే అలా చేస్తోందని అమ్మే అతను చెబితే నాలుగు నెలల పిల్లను తెచ్చాం. అదీ ఆడదేనన్నాడు. ఇరవై రోజుల కిందట రెండింటినీ ఒకే పంజరంలో పెట్టాం. మూడు రోజులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, తరుముకుంటూ ఉన్నాయి. మూడో రాత్రి మల్లి దాని చెవి చీలేలా కొరికింది. అప్పటి నుంచి వేరుగా ఉంచుతున్నాం. నిన్నటి నుంచి మల్లి మెడ కింద వెంట్రుకలు పీక్కుని, గడ్డి నోట కరుచుకెళ్లి మూలన గూడు కడుతోంది. ఆపరేషన్ చేయించమని కొందరంటున్నారు. మా అత్తగారు ఒక్క ఈతైనా ఈనకుండా ఆడప్రాణికి కోత పెట్టొద్దంటున్నారు. దగ్గర్లోని డాక్టరేమో కుందేలుకు మత్తు ప్రమాదం అన్నారు. ఏం చెయ్యమంటారు? ఈ రెండూ ఎప్పటికైనా కలుస్తాయా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: కలిసే అవకాశం బాగానే ఉంది. కాకపోతే చివర చెయ్యాల్సిన పని మీరు మొదట చేశారు. రెండోది ఆడదో మగదో ముందు తేలాలి. తర్వాత రెండింటికీ పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. ఆపైన ఆరు వారాలు జాలీకి అటొకటి, ఇటొకటి. అప్పుడుగానీ రెండింటిలో దేనిదీ కాని చోట ముఖాముఖి పరిచయం. అంతా కలిపి మూడు నాలుగు నెలలు, ఒక్కోసారి ఆరేడు నెలల పని.

అమ్మే అతను చెప్పింది పూర్తిగా తప్పు కాదు. కుందేలు గుంపులో బతికే జంతువే, తోడు కావాలి. కానీ మల్లి గుర్రుమంటున్నది తోడు లేక కాదు, వయసొచ్చి. ఆడకుందేలు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఈడుకొస్తుంది. ఆనాటి నుంచి పంజరం దానికి పిల్లల్ని పెట్టుకునే బొరియ కింద లెక్క. మీ చెయ్యి దానికి బొరియలో దూరిన శత్రువు. మీ చేతినే సహించని ప్రాణి అదే బొరియలోకి పరాయి కుందేలును రానిస్తుందా? చెవి ఒక్కటే చీలింది, నయం.

ఇప్పుడు గూడు సంగతి. అన్నిటికంటే ముందు తేలాల్సింది ఇదే. ఆవుకో మేకకో వచ్చినట్టు కుందేలుకు ఎద వరసగా ఇన్ని రోజులకోసారి అని రాదు. పైన ఎక్కినప్పుడు కలిగే ప్రేరణతో, పది గంటలు అటూ ఇటూగా అండాలు విడుదలవుతాయి. తిరకాసు ఎక్కడంటే, ఎక్కేది మగదే కానక్కర్లేదు. ఇంకో ఆడది ఎక్కినా ఒళ్లు అదే పని చేస్తుంది. అండాలు విడుదలై చూలు నిలవకపోయినా, నిలిచినట్టే నడుచుకుంటుంది. ఈ ఉత్తుత్తి చూలు 16 నుంచి 18 రోజులుంటుంది. దాని చివర్లోనే వెంట్రుకలు పీకడం, గూడు కట్టడం. నిజం చూలైతే మోసేది 31 రోజుల చుట్టుపక్కల. గూడు కట్టేది ఈనే ముందు రెండు మూడు రోజుల్లో, ఒక్కోసారి కొన్ని గంటల ముందే. మీరు కలిపింది ఇరవై రోజుల కిందట, విడదీసింది పదిహేడు రోజుల కిందట. లెక్క ఉత్తుత్తి చూలు వైపే మొగ్గుతోంది.

మొగ్గుతోందన్నామే గానీ తేలిపోయిందనలేదు. రెండింటినీ విడదీసిన రోజు నుంచి 35 రోజులు నిండేదాకా మల్లిని చూడిదిగానే చూసుకోండి. కట్టిన గూడు తీసెయ్యకండి. తీస్తే మళ్లీ మొదలెట్టి, ఉన్న నాలుగు వెంట్రుకలూ పీక్కుంటుంది. కాస్త మెత్తటి గడ్డి పడేసి వదిలెయ్యండి, రెండు మూడు రోజుల్లో దానికే విసుగొస్తుంది. అంత ఆగలేమనుకుంటే డాక్టరు స్కానింగ్‌లో చూసి చెబుతారు. నిజంగానే చూలు నిలిచి ఉంటే మీకు రెండు దారులు. గర్భసంచి తీయించడం ఒకటి. ఈననిచ్చి, పిల్లలకు ఎనిమిది వారాలు నిండి, పాలు ఇంకిపోయాక ఆపరేషన్ చేయించడం రెండోది. ఏది మంచిదో పరీక్ష చేసిన డాక్టరే చెప్పాలి. ఉత్తుత్తి చూలే అయినా అది పూర్తిగా తగ్గాకే కోతకు వెళ్లండి. పొదుగు ఉబ్బి, లోపల రక్తనాళాలు పొంగి ఉన్నప్పుడు పని చిక్కవుతుంది.

గూడు కట్టిందంటే రెండోది మగదే అయి ఉంటుందని కూడా అనుకోకండి. ఎందుకో పైనే చెప్పుకున్నాం కదా. అమ్మే అతని మాటనూ పట్టుకోకండి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే సామెత మనకు ఊరికే రాలేదు, చిన్న పిల్లల్లో ఆడ, మగ గుర్తుపట్టడంలో రోజూ అమ్మేవాళ్లు కూడా పొరపడతారు. నాలుగు నెలలకు ఇంట్లోనే చూసుకోవచ్చు. చూసేవాళ్లు నేల మీద కూర్చోవాలి. కుందేలు వీపును మీ పొట్టకు ఆనించి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఒక చెయ్యి దాని వెనక కాళ్ల కింద గట్టిగా ఉంచండి. వెనక కాళ్లు గాల్లో వదిలేస్తే తన్నే తన్నుకు దాని నడుమే విరుగుతుంది. ఈ మాట అతిశయోక్తి కాదు. ఇంకొకరు మూత్రద్వారానికి రెండు పక్కలా వేళ్లు పెట్టి మెల్లగా నొక్కాలి. మగదైతే చిన్న గొట్టంలా బయటికొచ్చి, కొసన గుండ్రటి చుక్క కనిపిస్తుంది. ఆడదైతే మలద్వారం వైపు జారిన నిలువు చీలిక, చిన్న ఆకు మడతలా ఉంటుంది. మగదానికి ఈ వయసులో రెండు పక్కలా వెంట్రుకల్లేని సన్నటి వృషణాల సంచులు కూడా తెలుస్తాయి. అయితే భయపడితే వృషణాలు లోపలికి లాక్కుంటుంది కాబట్టి, అవి కనబడలేదు గనక ఆడదే అనెయ్యకండి.

చెవి చీలిన పిల్లను మర్చిపోకండి. కుందేలు పళ్లు చేసిన గాయం పైన మానినట్టే ఉండి, వారం పది రోజుల తర్వాత కింద గడ్డ కడుతుంది. దాని చీము పెరుగులా గట్టిగా ఉంటుంది, పిండితే రాదు. చెవి మొదలు నుంచి కొస దాకా వేళ్లతో తడమండి. గట్టి ఉండ ఏదైనా తగిలితే డాక్టరు తెరిచి శుభ్రం చెయ్యాలి. పసుపు పూయడాలు వద్దు, కాలితో తుడుచుకుని నాకేస్తుంది.

మీ అత్తగారి మాటకొద్దాం. ఒక్క ఈతైనా ఈనాలన్న మాట పశువుల విషయంలోనూ విన్నదే, కానీ కుందేలు ఆరోగ్యానికి ఈతతో వచ్చే మేలు ఏమీ లేదు. ఈనితే మీకు మిగిలేది నాలుగు నుంచి ఎనిమిది పిల్లలు. నాలుగు నెలలు తిరక్కుండా వాటిలోనూ ఆడవీ మగవీ విడదీయాల్సి వస్తుంది. పైగా ఆడకుందేలు ఈనిన రోజునే మళ్లీ చూలు కట్టగలదు. ఇక ఆపరేషన్ చేయించకపోతే ఏమవుతుందో ఆవిడకు చెప్పండి. ఈనినా ఈనకపోయినా, వయసు మళ్లిన ఆడకుందేళ్లలో గర్భసంచి కేన్సర్ చాలా ఎక్కువ. నాలుగేళ్లు దాటాక ముప్పు ఏటేటా పెరుగుతుంది. కొన్ని జాతుల్లో ఆ వయసు వాటిలో సగానికి పైగా ఇది కనిపించింది. ఇంట్లో పెరిగే కుందేలు ఎనిమిది పదేళ్లు బతకగలదు. అంటే దాని ఆయుష్షులో సగం ఈ ముప్పు నీడలోనే. గర్భసంచి, అండాశయాలు తీసేస్తే ఆ ముప్పు పోతుంది, ఉత్తుత్తి చూళ్లూ పోతాయి. పరుపు మీద మూత్రం, చెయ్యి మీదికి రావడం చాలా వాటిలో బాగా తగ్గుతాయి. తోడు కోసం కాకపోయినా చేయించాల్సిన ఆపరేషనే ఇది.

మీ డాక్టరు మత్తు గురించి భయపెట్టారన్నారు. ఆయన చెప్పిందాంట్లో నిజముంది. బ్రిటన్‌లో 2002–2004 మధ్య కుక్కలు, పిల్లులు, కుందేళ్లకు ఇచ్చిన మత్తును లెక్కగట్టారు. మత్తు వల్ల చనిపోయినవి కుక్కల్లో నూటికి 0.17, పిల్లుల్లో 0.24, కుందేళ్లలో 1.39. అయితే ఆరోగ్యంగా ఉన్న కుందేళ్లను విడిగా చూస్తే అది 0.73. కుక్కతో పోలిస్తే ఎక్కువే, కానీ నూటికి ఒకటి కూడా కాదు. కుందేళ్లు అలవాటున్న చెయ్యి పడితే ఇంకా నయం. పది నెలలు మంచి వయసు. కొవ్వు పేరుకోలేదు, గర్భసంచి ఇంకా పాడై ఉండదు. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు చేయించుకుంటే మేలు. ఐదారేళ్లు దాటిన కుందేలైతే ముందు రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తీయకుండా ఒప్పుకోవద్దని చెప్పేవాళ్లం.

కాబట్టి మీరు వెతకాల్సింది కుందేళ్లు తెలిసిన చెయ్యి. మీకు దగ్గర్లో గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది, హైదరాబాద్ వాళ్లకు రాజేంద్రనగర్, రాయలసీమ వాళ్లకు తిరుపతి. ముందు అక్కడ వాకబు చెయ్యండి. కుక్కలూ పిల్లులూ చూసే ప్రైవేటు డాక్టర్లలోనూ కుందేళ్లు బాగా చూసేవాళ్లుంటారు. ఎవరి దగ్గరికెళ్లినా ఫీజు అడిగేముందు ఒక్క ప్రశ్న వెయ్యండి: ముందు రోజు రాత్రి నుంచి మేత మానెయ్యాలా? మానెయ్యాలంటే దండం పెట్టి వచ్చెయ్యండి. కుందేలు వాంతి చేసుకోలేదు, దానికి రాత్రంతా పస్తు అక్కర్లేదు. పస్తుంచితే పేగు కదలిక ఆగుతుంది, అసలు ప్రమాదం అదే. నోట్లో గడ్డి మిగలకుండా మత్తుకు గంట ముందు గిన్నె తీస్తే చాలు.

ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. ఆడకుందేళ్లకు ఈ ఆపరేషన్ ఎన్నిటికి చేశారు? మగవాటికి చేసిన లెక్క ఇందులో కలపొద్దు, అది చిన్న పని. మత్తు ఐసోఫ్లూరేన్ లాంటి గ్యాస్‌తో నడుపుతారా, ఇంజెక్షన్లతోనేనా? ఇంజెక్షన్ మత్తుతో కుదరదని కాదు. గ్యాస్ అయితే ఎంత కావాలంటే అంత పెంచుతూ తగ్గిస్తూ ఉండొచ్చు, ఆపితే త్వరగా తేరుకుంటుంది. ఒళ్లు చల్లబడకుండా కింద ఏం పెడతారు? నొప్పికి ఏం ఇస్తారు? మెలాక్సికామ్ కుక్క లెక్కలో ఇస్తే కుందేలుకు చాలదు, ఆ మందు దాని ఒంట్లో తొందరగా కరిగిపోతుంది. కుట్లు చర్మం లోపల దాగేలా, కరిగిపోయే దారంతో వేస్తారా? పైకి కనిపించే దారాన్ని కుందేలు కొరికి పారేస్తుంది. ఆడకుందేలు గర్భసంచి తీరు కూడా వేరు. రెండు కొమ్ములూ విడివిడిగా వచ్చి రెండు ముఖద్వారాలతో యోనిలోకి తెరుచుకుంటాయి, చుట్టూ పెళుసైన కొవ్వు. పిల్లి ఆపరేషన్ వచ్చినంత మాత్రాన ఇది వచ్చినట్టు కాదు.

ఒక మాట మాత్రం రాసి జేబులో పెట్టుకోండి. అమోక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్ – ఈ యాంటీబయాటిక్ మందులేవీ నోటి ద్వారా కుందేలుకు ఇవ్వకూడదు. పేగులో గడ్డిని పులియబెట్టే మంచి క్రిములు చచ్చి, విషం పుట్టించే క్రిములు పెరుగుతాయి. రెండు మూడు రోజుల్లో విరేచనాలు పట్టుకుని ప్రాణం మీదికొస్తుంది. కుక్కలకు పిడుదుల కోసం మెడ మీద పోసే ఫిప్రోనిల్ కూడా కుందేలుకు విషమే. ఆపరేషన్ రోజున అదీ పోసేద్దామని ఎవరైనా ఉత్సాహపడితే ఆపండి.

ఏప్రిల్, మే నెలల్లో అత్యవసరం కాని కోత పెట్టించకండి. 30 డిగ్రీలు దాటితేనే కుందేలు డస్సిపోతుంది, మీ గుంటూరు ఎండల సంగతి చెప్పాలా! పొద్దున్నే మొదటి ఆపరేషన్ మల్లిదే అయ్యేలా మాట్లాడుకోండి. స్కూటర్ మీద ఒళ్లో పెట్టుకుని వద్దు. గాలాడే బుట్టలో అడుగున మందపాటి తువ్వాలు పరిచి ఆటోలోనో కారులోనో తీసుకెళ్లండి. అది రోజూ తినే గడ్డి, పిడికెడు కొత్తిమీర వెంట ఉండాలి. మత్తు దిగాక పరాయి చోట తెలిసిన వాసన కనిపిస్తేనే నోరు తెరుస్తుంది. తను నోటితో ఏదో ఒకటి తినేదాకా ఆస్పత్రి నుంచి కదలనివ్వని డాక్టరు దొరికితే మీ అదృష్టం.

ఇంటికొచ్చాక మీరు చూడాల్సింది కుట్టు కాదు, పెంటికలు. ఆపరేషన్ అయిన 12 గంటల్లోపు తినడం మొదలుపెట్టాలి. 24 గంటల్లోపు పెంటికలు పడాలి, చిన్నవైనా సరే. తినకపోతే చేత్తో పెట్టాలి. దానికి రోజూ పెట్టే పెల్లెట్లను (కొనే గుళికల మేత) గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, మిక్సీలో మెత్తగా తిప్పి, సూది తీసేసిన సిరంజిలో పట్టండి. ముందు పళ్ల వెనక ఖాళీ ఉంటుంది, పక్క నుంచి కొసను అక్కడ ఆనించి అర మిల్లీలీటరు వదిలి, నమిలి మింగిందాకా ఆగాలి. తొందరపడి నొక్కితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండు కిలోల కుందేలుకు ఒక్కోసారి 20 మిల్లీలీటర్లు, రోజుకు నాలుగైదు సార్లు. డాక్టరు వేరే లెక్క చెబితే అదే పాటించండి. పొట్ట తాకితే డోలులా బిగుసుకుని ఉంటే మాత్రం ఏమీ పట్టకుండా వెంటనే బయల్దేరండి. వీపు గూనిలా పెట్టి మూలన నక్కడం, పళ్లు పైకి వినబడేలా కొరకడం, కళ్లు సగం మూయడం నొప్పి గుర్తులు. మందు చాలడం లేదని డాక్టరుకు చెప్పండి. మన ఇంట్లో ఉన్న నొప్పి బిళ్లలు వెయ్యకండి.

కుట్టు రోజుకు రెండుసార్లు చూడాలి. అందుకని వెల్లకిలా పడుకోబెట్టకండి. అలా పడుకోబెడితే కుందేలు కదలకుండా ఉండిపోతుంది, హాయిగా ఉందని మనం మురిసిపోతాం. అది భయంతో కొయ్యబారడం. ఒకరు ముందు కాళ్లు కాస్త పైకెత్తి పట్టుకుంటే ఇంకొకరు కింద నుంచి ఫోన్‌తో ఫొటో తీస్తే సరిపోతుంది. నిన్నటి ఫొటో పక్కన పెట్టి చూస్తే ఎరుపు పెరిగిందో లేదో ఇట్టే తెలుస్తుంది. మెడకు గరాటా లాంటి పట్టీ కట్టించకండి. కుందేలు తెల్లవారుజామున మలద్వారం దగ్గర నోరు పెట్టి, ద్రాక్షగుత్తిలా ఉండే మెత్తటి పెంటికలు తిరిగి తింటుంది. దానికది అవసరం. గరాటా ఉంటే అందవు. మరీ కుట్టు కొరుకుతుంటే చంటిపిల్లల కాటన్ చొక్కాకు కాళ్లు పట్టేలా కంతలు చేసి తొడగండి. పది పన్నెండు రోజులు మెట్లు, మంచం ఎక్కనివ్వకండి. కింద రంపపు పొట్టు కాకుండా ఉతికిన తువ్వాలు వెయ్యండి, పొట్టు కుట్టుకు అంటుకుంటుంది.

పిల్లది మగదని తేలితే ఇప్పుడే దాని పనీ చేయించొచ్చు, వృషణాలు దిగిన నాలుగు నెలలకే కుదురుతుంది. ఆడదైతే ఇంకో రెండు నెలలు ఆగాలి. రెండింటికీ ఒకేరోజు పెట్టుకోకండి, సిరంజి పట్టుకుని రెండు చోట్ల కూర్చోలేరు. పది రోజులు ఎడం ఉండనివ్వండి. మగదానికి ఆపరేషన్ అయినా ఆరు వారాల దాకా చూలు కట్టించగలదు, గొట్టాల్లో మిగిలిన బీజం ఉంటుంది. మల్లికి గర్భసంచి లేకపోతే చూలు భయం లేదు గానీ ఒంట్లో పాత పొగరు దిగడానికి దానికీ నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆఖరి ఆపరేషన్ నుంచి ఆరు వారాలు లెక్కపెట్టమనేది అందుకే.

ఆపరేషన్ అయిన ఆడదీ, ఆపరేషన్ అయిన మగదీ – అన్నిటికంటే తేలిగ్గా కుదిరే జత ఇదే. పిల్లది ఆడదైతే కుదరదని కాదు. వయసు తేడా ఉంది, మల్లి పెద్దరికం అది ఒప్పుకుంటే సాగుతుంది. కానీ రెండు ఆడవాటి మధ్య పేచీలు ఎక్కువ, ఎన్నాళ్లకూ కుదరకపోతే జీవితాంతం రెండు జాగాలు పెట్టి సాకడానికి మీరు సిద్ధపడాలి. ఈ బాధంతా ఎందుకని తోడుగా గినియా పిగ్‌ను తెచ్చేవాళ్లున్నారు, తప్పు. కుందేలు ఒక్క తన్ను తంతే దాని పని అయిపోతుంది. కుందేలు ముక్కులో మామూలుగా ఉండే క్రిములతో దానికి న్యుమోనియా వస్తుంది. మేత అవసరాలూ వేరు.

ఆ ఆరు వారాలూ ఊరికే పోనివ్వకండి. రెండింటి జాగాలూ పక్కపక్కనే పెట్టి మధ్యలో రెండు వరసల జాలీ, వాటి మధ్య బెత్తెడు సందు ఉంచండి. ఒకే జాలీ అయితే ముక్కు, పెదవి కొరికేసుకుంటాయి. రెండు మూడు రోజులకోసారి మూత్రపు ట్రేలు మార్చండి, ఇంకో వారం పోయాక జాగాలే మార్చండి. మల్లి పిల్లదాని చోట పడుకోవాలి, పిల్లది మల్లి చోట. మొదట్లో మల్లి ఆ ట్రేలో కోపంగా పెంటికలు కుమ్మరిస్తుంది. పట్టించుకోకుండా ముక్కు తుడుచుకుంటూ గడ్డి తినే రోజు వస్తుంది, దాని కోసం చూడండి. మేత గిన్నెలు జాలీకి అటూ ఇటూ ఎదురెదురుగా పెట్టండి. ఈ వారాల్లోనే మేత కూడా సరిచెయ్యండి. ఆపరేషన్ అయిన కుందేలు తొందరగా ఒళ్లు చేస్తుంది. పెల్లెట్లు కిలో బరువుకు రోజుకు 20–25 గ్రాములు మించొద్దు. ఎండుగడ్డి ఎంత తింటే అంత. వినాయక చవితికి తెచ్చే గరిక ఉంది చూశారూ, మందు కొట్టని చోట కోసిందైతే కుందేలుకు అంతకంటే మంచి పచ్చిమేత లేదు. బ్రెడ్డు, అన్నం, బిస్కెట్లు పూర్తిగా బంద్.

ఇక ముఖాముఖి. రెండూ ఎన్నడూ అడుగుపెట్టని చోటు కావాలి. పక్కింటి వాళ్ల గది ఒకటి అడిగి తీసుకోండి, లేదా మీ ఇంట్లోనే వాటికి తెలియని గది. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారితే కంగారుపడి తిరగబడతాయి, అందుకని జంపఖానా పరవండి. నాలుగడుగులకు ఆరడుగుల జాగా చాలు. మరీ పెద్దదైతే తరుముకుంటాయి, మరీ ఇరుకైతే తప్పించుకోలేవు. మధ్యలో పెద్ద గడ్డికుప్ప, రెండు నీళ్ల గిన్నెలు, రెండు వైపులా తెరిచిన అట్టపెట్టె ఒకటి. ఒకే కంత ఉన్న పెట్టె పెట్టకండి, లోపలిది ఇరుక్కుంటుంది. మీ చేతికి మందపాటి గ్లవుజులు, పక్కనే ఒక చేట. నవ్వకండి. పోట్లాడుకునే రెండు కుందేళ్ల మధ్యకు దించడానికి చేటను మించింది లేదు. వట్టి చెయ్యి పెడితే ఎముక దాకా దిగుతాయి పళ్లు. ముందు రోజు రెండింటి గోళ్లూ కత్తిరించండి.

మొదటి మూడు రోజులు పది నిమిషాలే, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చూస్తూ కూర్చోవాలి, ఫోన్ పక్కన పడేసి. ఒకటి ఇంకోదాని మీద ఎక్కుతుంది, మీకు చూడ్డానికి ఇబ్బందిగా ఉన్నా ఎక్కనివ్వండి. ఎవరు పెద్దో తేల్చుకునే పద్ధతి అది, ఆపరేషన్ అయినవీ చేస్తాయి. పది పదిహేను సెకన్లు దాటితే మెల్లగా దించండి. ఒక్క క్షణం కూడా ఆగకుండా ఆపాల్సిన సందర్భం ఒకటుంది: తల వైపు నుంచి తిరగబడి ఎక్కినప్పుడు. కింద ఉన్నది దాని పొట్ట కింద కొరికిందంటే మర్మాంగం చీలిపోతుంది. కాస్త తరుముడు, ఓ నాలుగు వెంట్రుకలు రాలడం మామూలే. తోక నిక్కబొడిచి, చెవులు వెనక్కి అంటించి, ఒళ్లు బిగదీసి ఒకదాన్ని ఒకటి చూస్తున్నాయంటే తర్వాతి క్షణం దూకుతాయి. చేట అప్పుడే దించాలి. ఒకదాని తోక వైపు ఇంకోదాని మూతి పెట్టి గిరగిరా తిరగడం మొదలైతే అది పోట్లాట ముందు మెట్టు, ఆట కాదు.

మంచి గుర్తులు ఇంత ఆర్భాటంగా ఉండవు. మల్లి పిల్లది పక్కనుండగానే మూతి కడుక్కుంటుంది, వీపు తిప్పి గడ్డి తింటుంది. అంటే భయపడటం మానేసింది. కొన్నాళ్లకు ఒకటి వెళ్లి తల నేలకు ఆనించి ఇంకోదాని గడ్డం కింద పెడుతుంది. మనకు లొంగిపోయినట్టు అనిపిస్తుంది గానీ, ‘నా నుదురు నాకిపెట్టు’ అని అడగడం అది. అలా అడిగేది చాలాసార్లు పెద్దరికం చేసేదే. రెండూ తల దించి, ఎవరూ నాకక పది నిమిషాలు అలాగే కూర్చుంటే కంగారు పడకండి, మొండిఘటాలు తేల్చుకుంటున్నాయి. అడిగినా నాకకపోతే కొన్ని కొరుకుతాయి, కాబట్టి కళ్లు మాత్రం తిప్పకండి.

ప్రతిసారీ ప్రశాంతంగా ఉన్నప్పుడే ముగించండి. పోట్లాడాక విడదీయడంతోనే ముగిస్తే వాటికి గుర్తుండేది ఆ పోట్లాటే. పది నిమిషాలు సాఫీగా సాగితే అరగంట, తర్వాత రెండు గంటలు, తర్వాత పూట. ఎన్ని వారాలని అడగకండి. రెండు వారాల్లో కుదిరేవీ ఉన్నాయి, మూడు నెలలు తీసుకునేవీ ఉన్నాయి. మల్లికి పాత గొడవ గుర్తుంటుంది కాబట్టి రెండో రకానికే సిద్ధపడండి. ఒకవేళ ఉండలా చుట్టుకుని కొరుక్కుంటే విడదీసి, రెండింటి వెంట్రుకలూ పాయలు తీసి చెవులు, కనురెప్పలు, తోక కింద వెతకండి. కుందేలు చర్మం తడి కాగితంలా చిరుగుతుంది, వెంట్రుకల కింద గాయం కనిపించదు. ఉప్పునీళ్లతో కడిగి డాక్టరుకు చూపించి, మూడు రోజులు ఆగి మళ్లీ జాలీ దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

కారులో తిప్పితే, వాక్యూమ్ క్లీనర్ మోత పెడితే భయంతో ఒకదాన్ని ఒకటి హత్తుకుంటాయని చెప్పేవాళ్లుంటారు. హత్తుకుంటాయి, నిజమే. భయానికి కుందేలు పేగు కూడా ఆగిపోతుంది, అదీ నిజమే. మొన్ననే పొట్ట కోయించుకున్న ప్రాణిని అంత అగచాట్లు పెట్టకండి. నుదుటి మీద అరటిపండు గుజ్జు రాసి నాకించే చిట్కా అంత హానికరం కాదు, ప్రయోజనమూ అంతంతే. నాకేది పండును, స్నేహితురాలిని కాదు.

చివరగా, కొత్త చోట మీరు చూస్తుండగా 48 గంటలు ఒక్క గొడవా లేకుండా, రాత్రితో సహా గడిచిందా? అప్పుడే ఇంటికి మార్చాలి. అలాగని మల్లి పాత పంజరంలోకి కాదు. ఆ పంజరం వాసన పోయేలా వెనిగర్ నీళ్లతో కడిగినా దాని బొరియే. వీలైతే తీసేసి, నేల మీద ఆరడుగులకు నాలుగడుగుల కంచె వేసి, లోపల అన్నీ కొత్తగా, కొత్త వరసలో సర్దండి, దానికి తోడు రోజుకు కొన్ని గంటలు గదంతా వదలండి. బ్రిటన్‌లోని రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ అండ్ ఫండ్ ఒక జతకు మూడు మీటర్లు పొడవు, రెండు మీటర్లు వెడల్పు, మీటరు ఎత్తు ఉండాలంటుంది. మన ఫ్లాట్లలో అంత కష్టమే. అందుకే వదిలి తిప్పే గంటల్లో ఆ లోటు తీర్చమనేది. ట్రేలు, గిన్నెలు, దాక్కునే పెట్టెలు రెండేసి ఉండాలి.

జత కుదిరాక వాటిని ఒక్క రాత్రి కూడా విడిగా ఉంచకండి. ఒకదాన్ని డాక్టరుకు చూపించాల్సి వస్తే రెండోదాన్నీ అదే బుట్టలో తీసుకెళ్లండి. ఒకటే వెళ్లి ఆస్పత్రి వాసన పట్టుకుని ఇంటికొస్తే రెండోది దాన్ని పరాయిదనుకుని తరిమే ప్రమాదం ఉంది. మళ్లీ జంపఖానా, చేట తీయాల్సి వస్తుంది.